పెళ్ళిళ్ళలో పదునెక్కిన రాక్

1980లో లాస్ ఏంజెలెస్‌లోని ఒలింపిక్ ఆడిటోరియం పంక్ కుర్రకారుతో కిక్కిరిసిపోయింది. వాళ్ళంతా బ్రిటన్ బృందం పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ కోసం వచ్చారు. దానికంటే ముందు నలుగురు వేదికెక్కి మెక్సికన్ జానపదం మొదలుపెట్టారు. జనం చేతికందినదల్లా వాళ్ళ మీదికి విసిరారు.

ఆ నలుగురూ పరాయి ఊరివాళ్ళు కారు. నగరంలోని నదికి ఆవలనున్న తూర్పు లాస్ ఏంజెలెస్‌లో ఏడేళ్ళుగా పెళ్ళిళ్ళకూ బాప్తిస్మాలకూ వాయిస్తున్న లోస్ లోబోస్ బృందం అది. 1978లో సొంతంగా వేసుకున్న రికార్డుకు 'జస్ట్ అనదర్ బ్యాండ్ ఫ్రమ్ ఈస్ట్ ఎల్.ఎ.' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేటే వాళ్ళ బలమని చెప్పడానికి తర్వాతి నలభై ఏళ్ళ పాటలే సాక్ష్యం.

డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్ గార్‌ఫీల్డ్ హైస్కూల్లో స్నేహితులు. పాటలు చాలావరకు ఈ ఇద్దరివే. హిడాల్గో గొంతు తేటగా, కొంచెం దిగులుగా ఉంటుంది. గిటారు, అకార్డియన్, ఫిడేలు ఏదిచ్చినా వాయిస్తాడు. నల్లకళ్ళద్దాల సీజర్ రోసాస్ ఎడమచేతి వాటం గిటారిస్టు, బరువైన బ్లూస్ గొంతు. కాన్రాడ్ లొజానో బేస్ వాయిస్తాడు. పెరెజ్ చాలాకాలం డ్రమ్స్ వాయించి తర్వాత గిటారుకు మారాడు. 1984లో ఫిలడెల్ఫియాకు చెందిన శాక్సఫోన్ కళాకారుడు స్టీవ్ బెర్లిన్ ఐదోవాడయ్యాడు.

తొలి నలుగురూ మొదట రాక్ వాయించినవాళ్ళే. 1968లో తూర్పు లాస్ ఏంజెలెస్ విద్యార్థులు మంచి చదువు కోసం బడులు వదిలి వీధుల్లోకి వచ్చారు. 1970లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా మెక్సికన్ సంతతి జనం అక్కడే భారీ ప్రదర్శన జరిపారు. అలాంటి గాలి పీల్చిన కుర్రాళ్ళు 1973లో ఎలక్ట్రిక్ గిటార్లు పక్కనపెట్టి పెద్దలు విన్న పాటలు నేర్చుకోవడానికి కూర్చున్నారు.

వాళ్ళ ధ్వని కిటుకు అప్పుడు చేతపట్టిన వాద్యాల్లోనే ఉంది. బాహో సెక్స్‌తో అనే తీగవాద్యానికి ఆరు జతలుగా పన్నెండు తీగలు. గిటారు కంటే కింది స్థాయిలో మోగుతూ తాళాన్ని నడిపిస్తుంది. గిటారోన్ మరియాచీ మేళాల్లోని పెద్దబొజ్జ బేస్ వాద్యం. హరానా వేరాక్రూజ్ పల్లెల చిన్న తీగవాద్యం. ఇక అకార్డియన్, 19వ శతాబ్దంలో జర్మన్, చెక్ వలసజనంతో టెక్సాస్ సరిహద్దుకు చేరి, వాళ్ళ పోల్కా నృత్యపు దరువుతో సహా మెక్సికన్ పాటలో కలిసిపోయింది. మన పద్యనాటకాల హార్మోనియంలో లాగే దానిలోనూ మోగేవి గాలి తగిలిన లోహపు రీడ్లే. వీటి పక్కన ఎలక్ట్రిక్ గిటారు, శాక్సఫోన్ చేరేసరికి పోల్కా ఎక్కడ ఆగిందో, రాక్ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఈ కలయిక కృత్రిమంగా తోచదు. పెళ్ళిలో తాతకూ మనవడికీ ఒకే రాత్రి వాయించాల్సిన వాళ్ళకు అది నిత్యావసరం.

1984 ఆల్బమ్ 'హౌ విల్ ది వుల్ఫ్ సర్వైవ్?' విమర్శకుల మెప్పు తెచ్చింది. 1987లో గాయకుడు రిచీ వాలెన్స్ జీవితంపై తీసిన సినిమా కోసం పాడిన 'లా బాంబా' అమెరికాలో మొదటి స్థానానికి ఎగబాకింది. అదే బాణీలో మరో నాలుగు పాటలు వదిలితే డబ్బే డబ్బు. వీళ్ళు చేసింది వేరు: 1988లో 'లా పిస్తోలా ఈ ఎల్ కొరాజోన్' పేరుతో మెక్సికన్ జానపద శైలి ఆల్బమ్ తెచ్చారు. పేరొచ్చిన మరుసటి ఏడే అంత ధైర్యం చూపిన రాక్ బృందాలు అరుదు.

కొత్తగా వినేవాళ్ళు మాత్రం 1992 నాటి 'కీకో'తో మొదలుపెట్టాలి. అందులో జానపదం, బ్లూస్, కలలాంటి స్టూడియో శబ్దాలు ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. వాళ్ళ అత్యుత్తమ కృతి అదే.

2021లో వచ్చిన 'నేటివ్ సన్స్' నిండా సొంత నగరం పాటలే: బీచ్ బాయ్స్, వార్ బృందాలు, జాక్సన్ బ్రౌన్, వాళ్ళ పక్కనే చికానో (మెక్సికన్ సంతతి అమెరికన్) సంగీతపు పెద్దదిక్కు లాలో గెరేరో. బృందం కొత్తగా రాసుకున్నది ఒక్క పాటే, ఆల్బమ్ పేరు దానిదే. 2022లో ఉత్తమ అమెరికానా ఆల్బమ్‌గా గ్రామీ దీనికే దక్కింది.