ఇంటిల్లిపాదీ ఒప్పుకునేలా నూనె మార్చడం ఎలా?



ప్రకృతి వ్యవసాయంలో నువ్వులు, వేరుశనగ పండించే చాలా ఇళ్లలో వంటగదిలోకి వెళ్తే ప్యాకెట్ నూనే కనిపిస్తుంది. పంట అమ్మేస్తాం, నూనె కొనుక్కుంటాం. చేలో మందు చుక్క పడకూడదని పట్టుబట్టే మనం, కంచంలోకి వచ్చే కొవ్వు ఎక్కడిదో పెద్దగా అడగం. నా అనుభవంలో పొలం మార్చడం కన్నా వంటగది మార్చడమే కష్టం. పొలం ఎదురు మాట్లాడదు, ఇంట్లోవాళ్లు మాట్లాడతారు!

మాది ఖమ్మం వైపు నుంచి వస్తే భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. అగ్రికల్చర్ డిప్లొమా అయ్యాక కొన్నాళ్లకు సాగుతో పాటు ఒక కట్టె గానుగ పెట్టాను. ఇంట్లో ఐదుగురం: అమ్మ, నాన్న, నేను, నా భార్య, ఎనిమిదేళ్ల బాబు. గానుగ ఆడించడం, పల్లీ ముద్ద చేయడం వీడియోలో చూపించాను. లెక్కలూ, కారణాలూ ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి అభ్యంతరం వాళ్లది

నాన్న: "వాసనొస్తది రా, కూర రుచే మారిపోయింది."
అమ్మ: "మూకుట్లో నురగ పొంగుతోంది, గారెలెట్లా వేసేది?"
నా భార్య: "రేటు చూశారా?"
బాబుకైతే బ్రెడ్డు మీద చాక్లెట్ పేస్టు తప్ప వేరే ఏదీ వద్దు.

వీళ్లలో ఎవరిదీ మొండితనం కాదు. ప్రతి మాటకీ కారణం ఉంది.

వాసన సంగతి చూద్దాం. రిఫైనరీలో నూనె రంగు తీసేస్తారు. తర్వాత 200 డిగ్రీలకు పైన వేడిలో ఆవిరి పంపి వాసన కూడా తీసేస్తారు. ఇరవై ఏళ్లు ఆ నూనె తిన్న నాలుకకు గింజ వాసనే లోపంగా తోస్తుంది. అందుకే వాసన ఎక్కడ ఇష్టమో అక్కడ మొదలుపెట్టాం. పండుమిర్చి పచ్చడి, ఆవకాయ, పులిహోర, కారప్పొడిలో గానుగ నువ్వుల నూనె పోస్తే ఎవరూ కాదనలేదు. మూడు నెలల తర్వాత తాలింపులోకి పల్లీ నూనె వచ్చింది. వేపుళ్లు చివరికి పెట్టుకున్నాం.

నురగకు కారణం ఆడించిన వెంటనే వాడటం. అప్పుడు నూనెలో మడ్డి, తేమ ఉంటాయి. నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి, పై తేట మాత్రమే వంపుకుని స్టీలు డబ్బాలో, ఎండ తగలని చోట పెట్టుకోండి. నురగ బాగా తగ్గుతుంది, నూనె త్వరగా కంపు కొట్టదు.

రేటు లెక్క

మా గానుగలో లీటరు పల్లీ నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి. గింజల ధరని రెండున్నరతో గుణించి, ఆడించిన కూలి కలిపి, చెక్క ధర తీసేయండి. అదే మీ అసలు రేటు. ప్యాకెట్ కన్నా ఎక్కువే వస్తుంది, దాచేదేం లేదు.

అయితే ఎంత వాడుతున్నామన్నది కూడా చూడాలి. మనిషికి రోజుకు 25 గ్రాములు అనుకుంటే ఐదుగురికి నెలకు 3,750 గ్రాములు, అంటే నాలుగు లీటర్లకు కాస్త పైన. మా ఇంట్లో ఆరు లీటర్లు అయ్యేది. ఇప్పుడు నెల మొదట్లో నాలుగు లీటర్లు కొలిచి పెడతాం. రేటు రెట్టింపు అనుకున్నా నెల ఖర్చు రెట్టింపు కాలేదు, మూడో వంతు పెరిగింది. నా భార్య ఒప్పుకున్నది ఈ లెక్క చూశాకే.

బాబు బ్రెడ్డు సంగతి

ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు రాయాలి. బాబు తినే సీసా తిప్పి చూపించాను. మొదట చక్కెర, తర్వాత పామాయిల్. వాడికి అది పెద్దగా పట్టలేదు. పక్కన వేరే గిన్నె పెడితే పట్టింది.

పావు కిలో పల్లీలు సన్నసెగ మీద దోరగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో ఆపుతూ ఆపుతూ తిప్పండి. ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్ద అవుతుంది, చివరికి దాని నూనె అదే వదిలి జారుగా వస్తుంది. రెండు చెంచాల బెల్లం పొడి, చిటికెడు ఉప్పు చాలు. రెండు రోజులకు నూనె పైకి తేలుతుంది. పాడైందనుకోవద్దు, కలిపి వాడండి. కొన్ని కంపెనీలు గడ్డకట్టే కొవ్వు కలిపేది ఆ నూనె తేలకుండానే. నువ్వుల చిమ్మిలి కాస్త మెత్తగా దంచినా రొట్టె మీదికి బాగుంటుంది. పాడి ఉంటే కవ్వంతో తీసిన వెన్న ఉండనే ఉంది, కాకపోతే కొద్దిగానే.

మన చుట్టూ ఉన్న కొవ్వులు

పామాయిల్ మన ప్రాంతపు పంట. అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలున్నాయి. సాగు చేసే తోటి రైతుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే గెల కోశాక త్వరగా ఫ్యాక్టరీకి చేర్చి ఆవిరిలో ఉడికించాలి, ఇంట్లో ఆడించుకునే పంట కాదు. ఎర్రగా వచ్చే నూనె రిఫైన్ అయ్యేసరికి ఆ రంగుతో పాటు కెరోటిన్లూ పోతాయి. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు.

డాల్డా మన దేశంలోకి 1937లో వచ్చింది. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ ఫ్యాట్ పుడుతుంది. 2022 జనవరి నుంచి మన ఆహార భద్రతా సంస్థ దాన్ని 2 శాతానికి పరిమితం చేసింది. ప్యాకెట్ వస్తువుకు లేబుల్ ఉంటుంది. రోడ్డు పక్క మూకుడికి లేబుల్ ఉండదు కదా!

ఇక మన అడవి వెన్న ఇప్ప నూనె. కోయ ఇళ్లలో ఇది పాతకాలం నుంచీ వంటకూ, దీపానికీ వాడిందే. చలికాలంలో నెయ్యిలా పేరుకుంటుంది. ఇందులోనూ సంతృప్త కొవ్వు సగానికి దగ్గరగా ఉంటుంది, కాబట్టి అలవాటు లేనివాళ్లు అడవిదని గరిటెలతో పోసుకోనక్కర్లేదు. ఇప్ప చెక్కలో సపోనిన్లు ఉంటాయి, పశువులకు పెట్టవద్దు, చేపల చెరువు దరికి పోనివ్వద్దు. నువ్వుల తెలగపిండి మాత్రం పశువులకూ పెట్టవచ్చు, మునగాకుతో మనమూ వండుకోవచ్చు.

గానుగ పట్టేవాళ్లకు రెండు మాటలు

గానుగ నూనె మందు కాదు. ఏ నూనైనా గ్రాముకు 9 కేలరీలే. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు "ఇది ఎంతైనా తినొచ్చు" అని చెప్పి అమ్మకండి.

రెండోది, బూజు పట్టిన పల్లీలు గానుగలో వేయకండి. బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ విషం గానుగ నూనెలోకీ వస్తుంది. రిఫైనరీలో అది పోతుంది, మన దగ్గర పోదు. కాయలు బాగా ఎండబెట్టి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరేశాకే ఆడించండి. మందు లేకుండా పండించామన్న పేరు ఒక్క బూజు బస్తాతో పోతుంది.

రెండేళ్లయింది. పచ్చళ్లు, తాలింపులు, కూరలు అన్నీ మా నూనెతోనే. నాన్న మాత్రం సంక్రాంతి గారెలకు రిఫైండ్ ప్యాకెట్ ఒకటి తెమ్మంటారు. తెస్తాం. ఏడాదికి ఒక్క ప్యాకెట్ కోసం ఇంట్లో గొడవెందుకు? మీరు కూడా వచ్చే ఆవకాయ సీజనుకు మీ నువ్వుల్లో పది కిలోలు అమ్మకుండా పక్కన పెట్టండి. నాలుగు లీటర్ల నూనె వస్తుంది, మొదలుపెట్టడానికి అది చాలు.