గుండె శస్త్రచికిత్స తరువాత పేగుల ముప్పు: ముందుగా చెప్పగలమా?

గుండెకు శస్త్రచికిత్స జరిగిన మనిషి ఐసీయూలో ఉన్నప్పుడు అందరి దృష్టీ గుండె మీదే ఉంటుంది. కోత పడినది ఛాతీ మీద. కడుపు జోలికి ఎవరూ పోలేదు. అయినా నూటికి ఒకరిద్దరిలో అసలు ప్రమాదం కడుపులో మొదలవుతుంది. జీర్ణాశయంలో రక్తస్రావం, పేగుల కదలిక ఆగిపోవడం, క్లోమం వాపు, పిత్తాశయం వాపు ఇందులోని రకాలు. అన్నిటికన్నా భయంకరమైనది పేగులకు రక్తం అందకపోవడం. అది సంభవించినవారిలో సగానికి పైగా మరణించినట్లు అనేక పరిశీలనలు చెబుతున్నాయి.

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో సుమారు నాలుగో వంతు జీర్ణావయవాలకు చేరుతుంది. రక్తపోటు పడిపోతే శరీరం మెదడునూ గుండెనూ కాపాడుకోవడానికి ముందుగా పేగుల వాటాను తగ్గిస్తుంది. 1953లో జాన్ గిబ్బన్ తొలిసారి విజయవంతంగా వాడిన గుండె-ఊపిరితిత్తుల యంత్రం ప్రాణదాతే. కానీ దాని గొట్టాల స్పర్శతో రక్తంలో వాపు ప్రక్రియ రేగుతుంది. రక్తపోటు నిలబెట్టడానికి ఇచ్చే మందులు పేగుల రక్తనాళాలను మరింత బిగిస్తాయి. నొప్పి మందుల మత్తులో ఉన్న రోగి కడుపునొప్పిని చెప్పుకోలేడు. రక్తపరీక్షలో లాక్టేట్ పెరిగేసరికి తరచు ఆలస్యమైపోతుంది. అందుకే ముందస్తు అంచనా కావాలి.

1999లో వచ్చిన యూరోస్కోర్ మరణావకాశాన్ని లెక్కిస్తుంది, పేగుల గురించి విడిగా చెప్పదు. ఆ లోటు పూరించడానికి స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు 2010లో ఒక ప్రత్యేక సూచికను ప్రచురించారు. ముదిమి, ధూమపానం, గుండె బలహీనత, యంత్రం మీద గడిచిన సమయం, రక్తస్రావం వల్ల ఛాతీని మళ్ళీ తెరవవలసి రావడం వంటివి అందులోని అంశాలు. వీటిలో కొన్ని ఆపరేషన్ అయ్యాకే తెలుస్తాయి. కనుక ఇటువంటి సూచిక ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చేది కాదు. ఎవరిని మరింత జాగ్రత్తగా కనిపెట్టాలో చెప్పేది.

దాని పరిమితి ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. వెయ్యిమందిలో 20 మందికి ఈ ముప్పు వస్తుందనుకుందాం. సూచిక నూటికి 80 పాళ్ళు సరిగా చెబుతుందనుకుందాం. అది 16 మందిని పట్టుకుంటుంది. కానీ ముప్పులేని 980 మందిలో 196 మందిని కూడా అనుమానిస్తుంది. అనుమానితులు 212 మంది. నిజంగా ముప్పున్నవారు వారిలో 16 మందే. మిగిలిన నలుగురు ‘క్షేమం’ అన్న జాబితాలో ఉండిపోతారు.

ఇంత అరుదైన ఘటనను అంచనా వేయాలంటే ఒక ఆస్పత్రి అనుభవం చాలదు. కాల్గరీ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. అల్బర్టాలో గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి పరీక్షించిన రోగుల వివరాలను, వారి తదనంతర స్థితిని, ‘అప్రోచ్’ అనే పథకం 1995 నుండి నమోదు చేస్తోంది. దాని కేంద్రం కాల్గరీ విశ్వవిద్యాలయం. అది పేగుల కోసం పుట్టినది కాదు. అయితే రాష్ట్రమంతటినీ ఒకే పుస్తకంలోకి ఎక్కించే అటువంటి పద్ధతి ఉంటేనే ఒకచోట తయారైన సూచిక మరొకచోట, మరో జాతి ప్రజలలో నిలుస్తుందో లేదో పరీక్షించవచ్చు. దక్షిణాసియా వారికి గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తుంది గనుక ఆ పరీక్ష మనకు మరీ అవసరం.

అందాకా ఆ నలుగురిని కాపాడేది పక్కనున్నవారి గమనింపే. ఆపరేషన్ అయిన రెండోనాడో మూడోనాడో అమ్మ తెలుగులో “కడుపంతా ఉబ్బరంగా ఉందిరా” అంటే, గ్యాస్ అయి ఉంటుందని మనం సర్దిచెప్పకూడదు. ఆ మాటను ఉన్నదున్నట్లు వెంటనే నర్సుకు చేరవేయాలి. సూచికలో ఆ మాటకు గడి లేదు.