పిల్లికి లంఖణము పనికిరాదు

‘లంఖణం పరమౌషధం’ అని మన పెద్దలు అందురు. జ్వరపడిన మనిషి ఒకటి రెండు పూటలు పస్తుండిన పెద్ద చెరుపు లేదు. కాని ఈ సామెత పిల్లికి చెల్లదు. వచ్చిన జబ్బు తగ్గిన పిదప కూడ తిండి ముట్టక, ఆ పస్తు మూలముననే చనిపోవు పిల్లులు కలవు. ఇందులకు కారణమేమి?

పిల్లి పుట్టుకతో మాంసాహారి. పస్తుండినపుడు మనిషి దేహము మాంసకృత్తుల ఖర్చును తగ్గించుకొనును. పిల్లి కాలేయమునకు ఈ పొదుపు అంతగా చేతకాదు. మాంసకృత్తులు విరిగినపుడు పుట్టు అమ్మోనియాను యూరియాగా మార్చుటకు ఆర్జినైన్ అను ఎమినో ఆమ్లము కావలెను. 1978లో మారిస్, రాజర్స్ అను శాస్త్రజ్ఞులు ఆర్జినైన్ లేని ఆహారమును పిల్లులకు ఒక్క పూట పెట్టి చూడగా, కొన్ని గంటలలోనే అమ్మోనియా విషలక్షణములు కనిపించెను.

పస్తు కొన్ని దినములు సాగినచో దేహములోని కొవ్వు కరిగి కాలేయమును చేరును. దానిని అక్కడినుండి పంపివేయుటకు మాంసకృత్తులు చాలవు. కొవ్వు కాలేయ కణములలో పేరుకొని కామెర్లు వచ్చును. మిగిలిన ఆకలియు చచ్చును. లావుపాటి పిల్లికి ఈ ముప్పు మరింత ఎక్కువ.

ఆకలి తిరిగి పుట్టుటకు దారి ముక్కు. పిల్లి వాసన చూచి తినును. జలుబుచే ముక్కు మూసికొనిపోయినచో తిండి దానికి తిండిగా తోచదు. గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో ముక్కు తుడువవలెను. తిండిని దాని ఒంటి వేడికి, అనగా సుమారు 38 డిగ్రీల సెంటిగ్రేడుకు, వెచ్చచేసిన వాసన పైకి లేచును. పాలలో చక్కెర కలిపి ఆశపెట్టుట వృథా; పిల్లి నాలుకకు తీపి తెలియదని, అందులకు కావలసిన ఒక జన్యువు చెడియున్నదని 2005లో తేలినది.

గురజాల వంటి ఊళ్ళలో ఇంటి పిల్లికి పాలన్నమో పెరుగన్నమో పెట్టుట కలదు. కోలుకొను పిల్లికి అది చాలదు. ముల్లు తీసిన ఉడికిన చేప, ఎముక లేని కోడిమాంసము కొంచెము కొంచెముగా, పలుమారులు, సందడి లేని చోట పెట్టవలెను. మన కూరలోని ముక్క పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణములను చెరచును. బలవంతముగా నోట కుక్కినచో తిండి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఆ తిండిపై రోత పుట్టును.

ఒక దినమంతయు ఏమియు తినని పిల్లిని పశువైద్యునికి చూపవలెను. చిగుళ్ళు పసుపెక్కినచో గంటయు ఆగరాదు. ఆకలి పుట్టించు మందు ఇచ్చుట, గొట్టము ద్వారా ఆహారము పంపుట ఆయన పని. ఇంటిలోని పారాసిటమాల్ బిళ్ళ మాత్రము వేయరాదు; ఒక్క బిళ్ళయే పిల్లి ప్రాణము తీయగలదు.