బతా నీళ్ళూ, మన జుట్టూ

శుక్రవారం సాయంత్రం రియాద్‌లోని బతాలో మనవాళ్ళు నలుగురు కలిస్తే ముందు జీతాలు, ఇకామాలు, ఊళ్ళో వానల సంగతులు అవుతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు టోపీ తీసి తల తడుముకుంటూ, "ఇండియాలో ఎంత ఒత్తుగా ఉండేదండీ! ఈ నీళ్ళు పడక అంతా ఊడిపోయింది" అంటారు. కడప వాళ్ళయినా, నిజామాబాద్ వాళ్ళయినా ఇదే మాట. నిజంగా తప్పు నీళ్ళదేనా?

రియాద్‌కి వచ్చే నీళ్ళలో ఎక్కువ భాగం జుబైల్ దగ్గర సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పైపుల్లో పంపినవే. కొంత భూగర్భ జలం కూడా కలుస్తుంది. ఉప్పు తీసిన నీరు అసలు మెత్తగానే ఉంటుంది. పైపులు తినేయకుండా దానికి మళ్ళీ కొంచెం ఖనిజాలు కలుపుతారు. ఇక కఠిన జలం వల్ల వెంట్రుక బలం తగ్గుతుందా అని 2013లో కోయంబత్తూరు వైద్యులు పరీక్షించి, చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. తర్వాత పాకిస్తాన్‌లో జరిగిన మరో పరిశోధనలో బలం కొంత తగ్గినట్టు తేలింది. అంటే తగాదా ఇంకా తీరలేదన్నమాట. అయితే రెండూ చూసింది వెంట్రుక తెగడం గురించే గానీ కుదురుతో ఊడటం గురించి కాదు.

ఆ తేడా మీరే చూసుకోవచ్చు. దువ్వెనలో వచ్చిన వెంట్రుక చివర చిన్న తెల్లటి గుబ్బ ఉంటే అది కుదురుతో ఊడినట్టు. గుబ్బ లేకుండా పొట్టి ముక్కలుగా వస్తే మధ్యలో తెగినట్టు. రోజుకి యాభై నుంచి వంద దాకా ఊడటం మామూలే. అంతకన్నా బాగా ఎక్కువైతే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్ళి ఆలోచించండి. పెద్ద జ్వరం, తిండి సరిగ్గా లేకపోవడం, ఇల్లు వదిలి వచ్చిన దిగులు, ఇలాంటివి జరిగిన రెండు మూడు నెలలకి గానీ జుట్టు రాలడం మొదలవదు. కొత్తగా వచ్చినవాళ్ళకి లెక్క సరిగ్గా అప్పటికే కుదురుతుంది, నేరం నీళ్ళ మీద పడుతుంది! పైగా మనవాళ్ళు చాలామంది ఇక్కడికి వచ్చేది ఇరవై, ముప్ఫై ఏళ్ళ వయసులో. మగవాళ్ళకి వంశపారంపర్యంగా బట్టతల మొదలయ్యేదీ అప్పుడే.

వేసవి చేసేది వేరే పని. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు, గాలిలో తేమ పది శాతం అటూఇటూ. వెంట్రుక చుట్టూ ఉన్న గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. ఇంత పొడి గాలిలో ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం ఉండదు. అందుకే గరుకుగా మారి తెగుతుంది. లోపలికి వస్తే ఏసీ, అదీ పొడి గాలే.

దీనికి మేడ మీది ట్యాంకు తోడు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే కాగిన నీళ్ళే. ఆ వేడి తల మీది సహజమైన నూనెనంతా కడిగేస్తుంది. గల్ఫ్‌లో పాతవాళ్ళకి తెలిసిన ఉపాయం ఒకటుంది. ఎండాకాలం గీజరు స్విచ్ ఆపేస్తారు. గీజరు ఇంటి లోపల ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్ళు చల్లబడతాయి. అప్పుడు వేడి కుళాయిలో చల్లనీళ్ళు, చల్ల కుళాయిలో వేడినీళ్ళు! ఇంజనీరింగ్ పుస్తకాల్లో లేని డిజైన్ ఇది. గీజరు లేని గదుల్లో రాత్రే బకెట్ నింపుకుంటే సరి.

కొబ్బరినూనె సంగతి. అది వెంట్రుక లోపలికి ఇంకుతుందనీ, ప్రోటీన్ పోకుండా ఆపుతుందనీ 2003లో అచ్చయిన పరిశోధన చెప్పింది. చేసింది కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్ళే, అది గుర్తుంచుకోవాలి. అయినా లారిక్ ఆమ్లం గురించి వాళ్ళు చెప్పిన కారణం సబబుగానే ఉంది. అయితే నూనె రాసుకుని బయటికి వెళ్తే ఇక్కడి దుమ్మంతా తల మీదే. తలంటుకి గంట ముందు రాసి కడిగేయడం, అంటే మన అమ్మమ్మల పద్ధతే, మేలు. చుండ్రు ఉంటే మాత్రం నూనె తగ్గించండి. చుండ్రుకి కారణమయ్యే ఫంగస్‌కి అదే ఆహారం.

బతాలో మన పక్కనే నడిచే సూడాన్, ఇథియోపియా వాళ్ళని చూడండి. బాగా ఉంగరాలు తిరిగిన జుట్టులో తల మీది నూనె చివరిదాకా జారదు, మలుపు మలుపు దగ్గరా తెగే ప్రమాదం. అందుకే అలాంటి జుట్టుకి వారానికోసారి తలస్నానం చాలంటారు. రింగుల జుట్టున్న మన ఆడవాళ్ళకీ ఇది పనికొస్తుంది. కానీ బిగుతు జడలు మాత్రం ఎవరికీ మంచివి కావు. ఏళ్ళ తరబడి లాగితే నుదుటి దగ్గర జుట్టు శాశ్వతంగా పోతుంది. తడి జుట్టు మీద స్కార్ఫ్ కట్టడం కూడా వద్దు.

సైట్లలో పనిచేసేవాళ్ళకి జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం ఉంది. ఆ విరామంలో హెల్మెట్ తీసి, లోపలి పట్టీ ఆరనివ్వండి. ఒకరి హెల్మెట్ ఒకరు పెట్టుకోకండి. చెమట వల్ల జుట్టు ఊడదు గానీ, దురద, కురుపులు వస్తాయి. ఎండకి గుండు చేయించుకునేవాళ్ళు కొత్త బ్లేడు కళ్ళముందే విప్పించండి. హెపటైటిస్ బి, సి రెండూ రక్తం అంటిన బ్లేడుతో రాగలవు.

అన్నిటికన్నా భయపడాల్సింది నల్ల మెహందీకి. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నిమిషాల్లో నల్లగా చేసేది దాదాపు ఎప్పుడూ పీపీడీ అనే రసాయనం. అది పడనివాళ్ళకి తల, కళ్ళు, ముఖం వాచిపోతాయి. ఒక్కసారి పడకపోతే ఇక జన్మంతా పడదు. జుట్టుకి వేసే రంగుల్లోనూ అదే ఉంటుంది. కొత్త రంగైతే డబ్బా మీద రాసిన ప్రకారం చర్మం మీద చుక్క పెట్టి 48 గంటలు ఆగండి. ఊపిరి అందకపోయినా, పెదవులు వాచినా 997కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవాలి.

గుండ్రంగా రూపాయి బిళ్ళంత జుట్టు పోయినా, మూడు నెలలు దాటినా రాలడం ఆగకపోయినా చర్మవ్యాధుల డాక్టర్ని కలవండి. ఐరన్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షల గురించి అడగండి. ఇంత ఎండ ఉన్న ఊళ్ళో విటమిన్ డి తక్కువేమిటంటారా? పగలంతా ఏసీ గదిలో ఉండే మాలాంటి కంప్యూటర్ వాళ్ళకి అదే ముందు తక్కువ అవుతుంది మరి.