ఎదిగే వెన్నుకు శస్త్రచికిత్స

పిండం వయసు నాలుగు నుంచి ఆరు వారాలున్నప్పుడే వెన్నుపూసలు రూపుకడతాయి. అప్పుడు తేడా వస్తే ఒక పూస సగమే ఏర్పడవచ్చు, లేదా పక్కపక్క పూసలు విడివడకుండా ఉండిపోవచ్చు. పుట్టుకతో వచ్చే పార్శ్వ గూనికి మూలం ఈ రెండే. సగం పూసను హెమీవర్టిబ్రా అంటారు. వెన్నులో ఒకవైపు పూసలు అతుక్కుపోయి, ఎదురువైపు సగం పూస ఉంటే వంపు అన్నిటికన్నా వేగంగా ముదురుతుంది. ఒకవైపు ఎముక ఎదుగుతుంటే రెండోవైపు ఎదగదు మరి. పూస ఆకారంలోనే లోపం ఉన్నప్పుడు నడుముకు వేసే బెల్టు పెద్దగా అక్కరకు రాదు.

గుండె, మూత్రపిండాలు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే తయారవుతాయి. అందుకే ఆపరేషన్‌కు ముందు ఎకో, కడుపు స్కానింగ్, వెన్నుకు ఎమ్మారై తప్పనిసరి. వెన్నుపాము కొస కిందికి అంటుకుపోయి ఉన్నా, మధ్యలో రెండుగా చీలి ఉన్నా తెలియకుండా వంపు లాగితే కాళ్లు చచ్చుబడవచ్చు. అలాంటిచోట చాలాసార్లు ముందు వెన్నుపామును విడిపిస్తారు.

సగం పూసను తీసేయడం కొత్త ఆలోచన కాదు. ఆస్ట్రేలియా సర్జన్ రాయిల్ 1928లోనే దీని గురించి రాశారు. చాలాకాలం ముందువైపు నుంచి ఒకసారి, వీపు నుంచి ఒకసారి కోయాల్సి వచ్చేది. వీపు వైపు నుంచే పని ముగించే పద్ధతిని జర్మనీలో రూఫ్, హార్మ్స్ 2002లో వివరించారు. పైపూసలోకి, కిందిపూసలోకి స్క్రూలు దింపుతారు. సగం పూసను, దాన్ని ఆనుకున్న డిస్కులను ముక్కముక్కలుగా తీస్తారు. ఉబ్బెత్తు వైపు స్క్రూలను రాడ్ మీద దగ్గరకు జరిపి బిగిస్తే ఖాళీ మూసుకుపోయి వెన్ను నిటారవుతుంది. చిన్న వయసులోనే చేస్తే రెండు మూడు పూసలు అతికితే సరిపోతుంది. ఆలస్యమైతే వంపు పైకీ కిందికీ పాకి, ఎన్నో పూసలను కలిపేయాల్సి వస్తుంది.

ఆపరేషన్ సాగుతున్నంతసేపూ వెన్నుపాము సంకేతాలను యంత్రం గమనిస్తూ ఉంటుంది. ఆ సదుపాయం లేని రోజుల్లో, 1973లో, ఫ్రాన్స్‌లో స్టాన్యారా బృందం ఒక పరీక్ష ప్రవేశపెట్టింది. రాడ్ బిగించాక మత్తు తగ్గించి, బోర్లా పడుకున్న రోగిని చేతులు, ఆ తర్వాత పాదాలు కదపమంటారు. చేతులు కదిలి పాదాలు కదలకపోతే వెంటనే బిగింపు వదులు చేయాలి. యంత్రం మీద అనుమానం వస్తే నేటికీ ఇదే దిక్కు.

వంపు పొడవైనదైతే చిక్కు వేరు. పసివాళ్లలో ఛాతీ భాగపు పూసలన్నీ కలిపేస్తే ఛాతీ ఎదగదు, ఊపిరితిత్తులకు చోటు చాలదు. అమెరికాలో రాబర్ట్ క్యాంప్‌బెల్ పక్కటెముకలకు తగిలించి విప్పార్చే టైటానియం పరికరాన్ని రూపొందించింది ఇందుకే. మరో మార్గం పెరిగే రాడ్లు. వీటిని సుమారు ఆరునెలలకోసారి చిన్న ఆపరేషన్‌తో పొడిగించాలి. అయస్కాంతంతో బయటి నుంచే పొడిగించే రాడ్లు వచ్చాక కోతలు తగ్గాయి గానీ, ఖర్చు ఎక్కువ.

ఏ పద్ధతిలో చేసినా ఎముకల ఎదుగుదల ముగిసేదాకా ఎక్స్‌రేలు తీయిస్తూ ఉండాలి. రాడ్ విరగవచ్చు, అతికిన భాగానికి పైనో కిందో కొత్త వంపు మొదలవ్వవచ్చు.