గ్రహాలు కూడితే ఏమౌతుంది?

2025 సంక్రాంతి సెలవులకు మా తండాకు పోయినాను. గ్రహాలన్నీ వరుసకు వచ్చినాయంట, విడిపోయేదాకా బెళుగుప్ప హాస్టలుకు పోవద్దని అవ్వ పట్టుబట్టింది. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అని జనం శానా భయపడినారంట. అప్పుడు అవ్వ చిన్నపిల్ల. ఆ ఎనిమిదిలో సూర్యుడు, చంద్రుడు కూడా లెక్కే! కేతువైతే గోళమే కాదు. అన్నీ మకరరాశిలో కూడినాయి, లోకం మునగలేదు.

రాత్రి అవ్వను బయటికి పిలిచినాను. పడమట శుక్రుడు, పక్కనే శని, నడినెత్తిన రోహిణి దగ్గర గురుడు, తూర్పున ఎర్రగా కుజుడు. కళ్ళంలో మేటి చుట్టూ ఎద్దులు ఒకే నేల మీద తిరిగినట్లు, గ్రహాలు సూర్యుని చుట్టూ ఇంచుమించు ఒకే మట్టంలో తిరుగుతాయి. అందుకే మనకు ఎప్పుడూ రాశుల దారిలోనే కనపడతాయి. వరుస మన చూపుకే, వాటి మధ్య కోట్ల కిలోమీటర్లు ఉంటాయి.

అవ్వ శానాసేపు చూసి, "శని ఏది, మళ్ళా చూపీ" అనింది. సెలవులైనాక నేను బస్సెక్కినాను.