ఎరువిచ్చిన పుస్తకం, చెప్పుకొన్న సినిమా

పుస్తకం పరుల చేతికి చేరినదంటే పోయినట్లే లెక్క అని పూర్వులు ఒక శ్లోకంలో హెచ్చరించినారు. ఒకవేళ తిరిగి వచ్చినా జీర్ణమై వచ్చునని కూడ ఆ శ్లోకకర్తయే చెప్పినాడు. పాపం, అతడు ఎన్ని తాళపత్ర గ్రంథాలు పోగొట్టుకొన్నాడో! అయితే ఆ హెచ్చరికను తెలుగువారు చెవిని పెట్టిన జాడ కనిపించదు. బీరువా తలుపుమీద ఆ శ్లోకాన్ని అందంగా వ్రాసి అంటించుకొన్న పెద్దమనిషి సైతం, మంచి నవల చదివి ముగించిన రాత్రి నిద్రపట్టక, తెల్లవారగానే దానిని ఎవరి చేతిలో పెట్టుదునా అని వీధి అరుగుమీద నిలబడి చూచినవాడే. చదివిన సంతోషం కడుపులో దాగేది కాదు. అది మరొకరితో పంచుకొన్నప్పుడు గాని తీరదు.

ఈ ఆతురతకు మూలం వెదకవలెనంటే తెలుగునాట చదువు ఏ తీరున సాగినదో చూడవలె. ఒక మూల ఒంటరిగా కూర్చుండి, పెదవి కదపకుండ చదువుకొనుట ఇక్కడ ఇటీవలి అలవాటు. అంతకు పూర్వం చదువుట అంటే వినిపించుటయే. రామాలయం పందిట్లో ఒకరు భారతంలోని పద్యం చదువగా మరొకరు అర్థం చెప్పేవారు. ఓనమాలు ఎరుగనివారు కూడ ఆ కథలన్నిటిని కంఠస్థం చేసికొన్నారు. ఒక్క గ్రంథం, ఒక్క కంఠం, వంద జతల చెవులు. అచ్చుయంత్రం వచ్చి నవలలు పుట్టిన తరువాత సైతం ఆ పద్ధతి మారలేదు. పందిరి విడిచి ఇంటి వసారాకు మాత్రం చేరినది. అయిదో తరగతి వరకు చదివిన మనుమరాలు లాంతరు ముందు కూర్చుండి బామ్మకు, మేనత్తకు, పొరుగింటి పిన్నిగారికి నవల చదివి వినిపించేది. కథ నడుమ బామ్మగారి తీర్పులు పడుతూనే ఉండేవి: "ఆ ఉత్తరం చింపేశాడుటే? వాడికేమైనా బుద్ధుందా!" నాయికా నాయకులు ఏకాంతంగా కలిసికొన్న ఘట్టం వచ్చినప్పుడు ఆ పిల్ల గొంతు తడబడి రెండు పేరాలు దాటవేసేది. దాటవేసినదని అందరికీ తెలిసేది. తెలియనట్లు నటించి, పైట చెరగు అడ్డం పెట్టుకొని నవ్వుకొనేవారు.

వారపత్రికలు వచ్చిన తరువాత ఈ ముచ్చట మరింత ముదిరినది. పత్రిక వచ్చే రోజున ఇంట్లో ఎవరు ముందు చదువవలె అన్నది చిన్న తగాదా కాదు. సీరియల్ నవల ఒక వారం ఆగిన చోటు నుండి మరుసటి వారం వచ్చేవరకు, నూతి దగ్గర నీళ్ళు తోడుకొనే ఆడవారి నోట ఆ కథ పదివిధాలుగా పెరిగేది. రచయిత వ్రాసిన ముగింపుకన్న వారు ఊహించిన ముగింపే బాగున్న సందర్భాలు లేకపోలేదు. నవల పూర్తి కాగానే ఆ పుటలన్నిటిని జాగ్రత్తగా విడదీసి, వరుసగా పేర్చి, బైండు చేయించుట అనేక కుటుంబాలలో ఆచారం. కాలికో అట్ట, వీపున బంగారు అక్షరాలు, లోపల వెనుక పుటలలో సగానికి తెగిన హాస్యోక్తులు, తలనూనె ప్రకటనలు. అట్టి సంపుటాలలో తొమ్మిదో భాగమో పదునాలుగో భాగమో తరచుగా ఉండదు. ఆ వారం సంచికను ఎవరో అడిగి పట్టుకొనిపోయినారు, తిరిగి ఇవ్వలేదు. అయినప్పటికి ఆ సంపుటం నాలుగు వీధులు తిరిగినది. తిరిగిన ప్రతి ఇంట ఆ లోటు కథను నోటితోనే పూరించినారు.

ఇంటింటా ఉన్న ఈ అలవాటే సంఘవ్యవస్థగా రూపుదాల్చినప్పుడు గ్రంథాలయోద్యమం పుట్టినది. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలసినవి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. పరులు చదివి వినిపించగా విని, తాను చెప్పగా పరులు వ్రాసికొనగా సాహిత్యం సృష్టించిన ఆ అంధకవి గ్రంథాలయ సభకు అధ్యక్షుడగుటలో ఎంత ఔచిత్యమున్నదో వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ సభకు సూత్రధారి అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆయన తన ఆయుర్దాయమంతటిని ఈ పనికే ధారపోసినారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుని వద్దకు పోవలెనని పాతూరి నాగభూషణంగారు తలచి, 1935లో గుంటూరు జిల్లా కాలువలలో పడవ గ్రంథాలయాన్ని నడిపించినారు. ధాన్యపు బస్తాలతోపాటు పుస్తకాల పెట్టెలు కూడ నీటిమీద సాగి రేవు రేవునా ఆగినవి. గడప దాటని స్త్రీలకు కొన్ని ఊళ్ళలో కార్యకర్తలే పుస్తకాలు తెచ్చి ఇచ్చి, చదివిన పిమ్మట తీసికొని వెళ్ళేవారు. మామూలుగా ఆ బాధ్యత ఆ ఇంటి చిన్నపిల్లవాడిమీద పడేది. ఏ పుస్తకం కావలెనో అక్కయ్య కాగితం ముక్క మీద వ్రాసి ఇచ్చేది. వాడు వేరొకటి తెచ్చేవాడు. అక్కయ్య అదీ చదివేది.

నిజాం రాజ్యంలో ఈ పంపకం అంత నిరపాయమైనది కాదు. తెలుగు పుస్తకం చేతబట్టుట అక్కడ రాజకీయంగా పరిణమించినది. సభకు అనుమతి కావలె, పఠనాలయంమీద నిఘా ఉండేది. అట్టి కాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినారు. బాల్యంలో పరుల ఇళ్ళలో వంట చేసిపెట్టి నాలుగక్షరాలు నేర్చుకొన్న మనిషి ఆయన. ఆ అక్షరాల విలువ ఎరిగినవాడు గనుకనే పుస్తకాల మూట మోసికొని ఇల్లిల్లు తిరిగినారు. కొన్నవారికి అమ్మినారు, కొనలేనివారికి చదువుకొనుటకు ఇచ్చినారు. నిజామాబాదు చెరసాలలో దాశరథి కృష్ణమాచార్యులు ఆయనకు సహవాసి. కాగితం, కలం లేని చోట దాశరథి బొగ్గుతో గోడమీద పద్యం వ్రాసినారు. అధికారులు దానిపై సున్నం కొట్టించినారు. ఆళ్వారుస్వామి బొగ్గు అందుకొని ఆ పద్యాన్నే మళ్ళీ వ్రాసినారు. 1949లో ‘అగ్నిధార’ వెలువడినప్పుడు దాశరథి ఆ కావ్యాన్ని ఆళ్వారుస్వామికే అంకితం చేసినారు. తాను వ్రాయని పద్యాన్ని, శిక్షకు వెరవక మళ్ళీ గోడకెక్కించిన పాఠకుడు ఏ కవికైనను ఎందరు దొరకుదురు?

ఇక సినిమా సంగతి. పుస్తకాన్ని ఎరువు ఇవ్వవచ్చును. సినిమాను ఇచ్చుట ఎట్లు? దానికి తెలుగువారు కనిపెట్టిన ఉపాయం కథ చెప్పుట. డేరా సినిమా అయిదారు కోసుల దూరంలోని సంతపేటకు వచ్చినదని తెలిసి బండి కట్టుకొని పోయినవారు అర్ధరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరేవారు. మరునాటి నుండి వారం రోజుల వరకు, వెళ్ళలేకపోయినవారికి ఆ సినిమా అరుగులమీద మళ్ళీ ఆడేది. డేరాలో ఉన్నది ఒకటే యంత్రం కనుక రీలు మార్చినప్పుడెల్ల దీపాలు వెలిగేవి. అరుగుమీది కథకుడు కూడ సరిగా ఆ చోటులలోనే ఆగి చుట్ట వెలిగించుకొనేవాడు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను చెప్పుట మాత్రం సామాన్యుని వల్ల అయ్యేది కాదు. శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడుగా సావిత్రి రంగారావును అనుకరించినది గదా. ఆ అనుకరణను ఊరి కథకుడు అనుకరించవలె. గడ్డం పట్టుకొని, భుజాలు ఎగురవేసి, అంతలో సిగ్గు నభినయించి అతడు పడే పాట్లు చూచుటకే జనం మూగేవారు. వారిలో అసలు సినిమా చూచినవారు కూడ ఉండేవారు.

కథనానికి తోడు పాటల పుస్తకం ఉండేది. ఒకటి రెండు అణాలకు, తరువాత నయాపైసలకు, సినిమాహాలు ముంగిట అమ్మిన పలుచని పుస్తకం. నటీనటుల పేర్లు, సాంకేతికుల పేర్లు, సంక్షిప్త కథ, పాటలు. కథను ఆసక్తికరమైన చోట తుంచివేసి, తరువాయి వెండితెరపై చూడండి అని వ్రాసేవారు. ఆ వాక్యంమీద కోపం రాని పిల్లవాడు లేడు. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం ప్రసారమైన దినాలలో ఒక గంటసేపు సినిమాను చెవులతో చూచినవారు ఈ పాటల పుస్తకాలను ఒడిలో పెట్టుకొని విన్నారు. పుస్తకానికీ సినిమాకూ నడుమ రాకపోకలు కూడ సాగినవి. చక్రపాణిగారు తెలుగు చేసిన శరత్ నవలలు ఎన్ని చేతులు మారినవో, ఆ రచయిత తెలుగువాడేనని నమ్మినవారు ఎందరో! 1953లో ‘దేవదాసు’ తెరకెక్కినప్పుడు నవల చదివినవారు ఒక పక్షం, సినిమా మాత్రమే చూచినవారు మరొక పక్షం. చదివినవారు రెండింటినీ పోల్చి మాటాడుతూంటే చూచినవారు ఉక్రోషంతో నవలకై గ్రంథాలయానికి పరుగెత్తినారు. తగాదా వల్ల పాఠకులు పెరుగుట ఇట్టి సందర్భాలలోనే సంభవం.

తరువాతి దశాబ్దాలలో అద్దె పుస్తకాల దుకాణాలు వచ్చినవి. రోజుకు కొన్ని పైసలు చెల్లించి నవల తెచ్చుకొని, గడువులోగా ఇంటిల్లిపాది చదివి ఇచ్చివేయుట. ఆ పుస్తకాల అంచులమీద పాఠకులు తమలో తాము వాదించుకొన్న వ్రాతలు అసలు నవలకన్న రసవత్తరంగా ఉండేవి. కొమ్మూరి సాంబశివరావు వ్రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలకు మాత్రం ఒక పెద్ద ఆపద ఉండేది. పంచుకొనే సరదా వెర్రితలలు వేసిన మహానుభావుడెవడో హంతకుని పేరును మొదటి పుటలోనే వ్రాసిపెట్టేవాడు. టెలివిజను వ్యాపించిన పిమ్మట ఆ దుకాణాలు ఒక్కటొక్కటిగా మూతపడినవి. ఇప్పుడు ఒక్క చరవాణిలో వేయి గ్రంథాల ప్రతులను క్షణంలో మిత్రునికి పంపవచ్చును. ఇది చిన్న సదుపాయం కాదు. ఏ మారుమూల ఊరిలోని విద్యార్థికైనా ఒకప్పుడు మద్రాసుకో రాజమహేంద్రవరానికో పోయిన గాని దొరకని పుస్తకం ఇప్పుడు అందుచున్నది. అయితే పంపినవాడు చదువలేదు, పుచ్చుకొన్నవాడూ చదువలేదు అన్న సంఘటన పూర్వం అరుదు. చదివి, ఉండబట్టలేక, వానలో గొడుగు వేసికొని పోయి ఇచ్చిన పుస్తకానికి చదివించే బలం వేరుగా ఉండేది.

ఈ సరదాలన్నీ కాలక్షేపమే గదా అని తీసివేయుటకు వీలులేదు. 1930లలో తీసిన తెలుగు టాకీలలో అధికభాగం ఇప్పుడు చూచుటకు లేవు. ఆనాటి నైట్రేటు ఫిల్ము తొందరగా చెడును, సులభంగా అంటుకొనును. ఆట ముగిసిన ప్రతులను వెండి కోసం కరిగించినవారూ కలరు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడునాటికే జరుగవలసిన నష్టం చాలవరకు జరిగిపోయినది. తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం.రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ సైతం మిగులలేదు. అది ఏనాడు విడుదలైనదన్న విషయంలో కూడ దశాబ్దాలపాటు పొరపాటే చెల్లినది. 1931 సెప్టెంబరు 15 అని అందరూ వ్రాస్తూ వచ్చినారు. ఈ శతాబ్దిలో పరిశోధకుడు రెంటాల జయదేవ పాత పత్రికలలోని ప్రకటనలు, సెన్సారు వివరాలు వెదకి, అది బొంబాయిలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదని తేల్చినారు. నిర్మాతలు దాచలేదు, పంపిణీదారులు దాచలేదు. పాత పత్రికను చింపి పొట్లాలు కట్టుకొనక దాచిపెట్టిన పాఠకుడు, దానిని అడిగినవారికి చూపిన గ్రంథాలయం ఉండబట్టి ఆ తేదీ దొరికినది.

పుస్తకరూపం దాల్చని సీరియళ్ళ కథ కూడ ఇంతే. పత్రికల కార్యాలయాలలో లేని భాగాలు ఏ బామ్మగారి బైండు సంపుటంలోనో బయటపడును. ఇచ్చట ఆ శ్లోకకర్తకు ఒక ప్రత్యుత్తరం ఉన్నది. పరహస్తం చేరని పుస్తకం చెదపురుగుల హస్తం చేరినది. ఎరువు పోయినది మాత్రం, అట్ట ఊడి, పేరు చెరిగి, ఎవరో ఒకరి అటకమీద బ్రతికి ఉన్నది. అట్లు బ్రతికిన పాటల పుస్తకాలను సేకర్తలు కొందరు ఇప్పుడు ఒకరికొకరు చూపుకొని, ప్రతులు తీసికొని, లేనివారికి పంచుచున్నారు. వాటిలో కొన్ని సినిమాల కథ సగం వరకే ఉన్నది. తరువాయి చూచుటకు వెండితెరమీద ఏమియు లేదు. ఆనాడు చూచివచ్చి అరుగుమీద చెప్పినవారు ఎవరైనా మిగిలి ఉన్నారేమో అని సేకర్తలు ఊరూరా విచారించుచున్నారు.